తాకకుండా లైన్ స్పీడ్ కొలవాలా? లేజర్ డాప్లర్, స్పెకిల్, పాత కొలత చక్రం: ఏది ఎవరికి

కేబుల్ ఫ్యాక్టరీలో డ్రమ్ముకి 1000 మీటర్లు చుట్టారు. మీటర్ కౌంటర్ కూడా సరిగ్గా 1000 చూపించింది. కొన్నాయన సైటులో విప్పి కొలిస్తే 997 వచ్చింది. ఈ ఫిర్యాదు మీద నేను వెళ్లేసరికి ఫ్యాక్టరీలో అందరూ లైన్‌ని నడిపే కంప్యూటర్ (పీఎల్‌సీ) ప్రోగ్రామ్‌ని అనుమానిస్తున్నారు. లైన్ ఆపించి, కేబుల్‌ని నొక్కుతూ తిరిగే కొలత చక్రాన్ని విప్పి వెర్నియర్ పెట్టాను. చుట్టుకొలత 200 మి.మీ. ఉండాలంటే వ్యాసం 63.66 ఉండాలి. ఉన్నది 63.46. రబ్బరు అరిగి వ్యాసం తగ్గింది 0.2 మి.మీ., అంటే వేలిగోరు మందం కన్నా తక్కువ. కానీ లెక్క వేస్తే అది 0.3 శాతం, వెయ్యి మీటర్ల మీద 3 మీటర్లు.

చక్రం అరిగితే చిన్నదై ఎక్కువ చుట్లు తిరుగుతుంది, కౌంటర్ ఎక్కువ చూపిస్తుంది, కస్టమర్‌కి సరుకు తగ్గుతుంది. అదే చక్రానికి పీవీసీ పొడి అంటి లావెక్కినా, కేబుల్ మీద జారినా కౌంటర్ తక్కువ చూపిస్తుంది. అప్పుడు పోయేది మన రాగి. ఈ రెండూ ఒకే చక్రంలో ఒకే వారంలో జరగొచ్చు. అందుకే ఏదో ఒక దిద్దుబాటు అంకె వేసేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

సహజంగానే వాళ్ల తర్వాతి ప్రశ్న, "సార్, లేజర్ పెట్టేద్దామా?" అంటే, సరుకుని తాకకుండా వేగం కొలిచి, దాన్నించి పొడవు లెక్కగట్టే మీటర్. చిక్కంతా ఇక్కడే. లేజర్ అనే ఒక్క పేరు కింద బజార్లో నాలుగైదు రకాల పరికరాలున్నాయి. కొన్నిటి ధర వేలల్లో, కొన్నిటిది లక్షల్లో. పని చేసే తీరు వేరు, తప్పు చూపించే తీరు అంతకన్నా వేరు.

## కొటేషన్ అడిగే ముందు

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది: వచ్చే అంకెతో మీరేం చేస్తారు? ఆపరేటర్ చూసుకోవడానికి మాత్రమే అయితే 1 శాతం తేడా ఎవరికీ పట్టదు. ఆ అంకెతో బిల్లు వేస్తుంటే 0.3 శాతం కూడా గొడవే. మూడో రకం ఒకటుంది, అది చాలామందికి తట్టదు: రెండు వేగాల తేడా కావాల్సిన పని. ఉక్కు రేకుని స్కిన్ పాస్ మిల్లులో కొద్దిగా సాగదీస్తారు. లోపలికి నిమిషానికి 500 మీటర్లు వెళ్లి, బయటికి 505 వస్తే సాగింది 1 శాతం. రెండు వైపులా 0.05 శాతం తప్పుండే మీటర్లు పెడితే ఒక్కోటీ పావు మీటరు అటూ ఇటూ అవుతుంది. రెండు తప్పులూ ఎదురెదురుగా పడితే 5 మీటర్ల తేడాలో అర మీటరు అనుమానం. అంటే 1 శాతం సాగుడు 0.9 అయినా చూపించొచ్చు, 1.1 అయినా చూపించొచ్చు. 0.3 శాతం తప్పుండే చక్రాలు పెడితే 5 మీటర్లలో 3 మీటర్ల అనుమానం. అలాంటి కొలత ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తర్వాత ఉపరితలం సంగతి. గరుకుదా, అద్దంలా మెరిసేదా, తడిదా, ఎర్రగా కాలుతున్నదా, ఆరపార కనబడే ఫిల్మా? ఆపైన కదలిక సంగతి. లైన్ మీద పోతూ ఎగిరెగిరి పడుతుందా, మీటర్‌కీ దానికీ మధ్య దూరం మారుతుందా? ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకి వెళ్లే లైనా? చివరగా, పరికరం ముందున్న అద్దాన్ని రోజూ తుడిచే మనిషి ఉన్నాడా? నవ్వులాటకి అడగడం లేదు. లక్షల పరికరాలు మసిపట్టిన అద్దం వల్లే మూలన పడతాయి.

## పేరుకి లేజరే గానీ ఈ పనికి రానివి

వీటిని త్వరగా పక్కన పెట్టేద్దాం. లేజర్ టాకోమీటర్ చవక, చేతిలో ఇమిడిపోతుంది. రోలర్‌కి మెరిసే స్టిక్కర్ అంటించి చూపిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో చెబుతుంది. 200 మి.మీ. రోలర్ 300 చుట్లు తిరిగితే నిమిషానికి 188.5 మీటర్లు. అయితే అది రోలర్ వేగం, దాని మీద పోయే సరుకు వేగం కాదు. రోలర్ అరుగుదల, జారుడు అన్నీ అలాగే ఉన్నాయి. లేజర్ తగిలించుకున్న కొలత చక్రం అనుకోండి.

రెండోది ట్రాఫిక్ పోలీసుల లేజర్ గన్. ఔటర్ రింగ్ రోడ్డు మీద చలానా తెచ్చిపెట్టేది అదే. అది కాంతి మెరుపులు వదిలి, తిరిగి వచ్చే సమయాన్ని బట్టి బండి ఎంత దగ్గరపడిందో కొలుస్తుంది. మన రేకు గన్‌కి అడ్డంగా పోతుంది, దూరం మారదు. గన్ దృష్టిలో అది ఆగే ఉంది.

## ఒక్క కిరణం డాప్లర్

కదిలే వస్తువు నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం మారుతుందని క్రిస్టియన్ డాప్లర్ చెప్పింది 1842లో. లేజర్ పుట్టింది 1960లో. 1964లో కొలంబియా యూనివర్సిటీలో యే, కమిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హీలియం-నియాన్ లేజర్‌తో నీటి ప్రవాహ వేగం కొలిచారు. ఈ మీటర్ల వంశం అక్కడ మొదలైంది.

కిరణాన్ని ఏటవాలుగా వేసి, తిరిగొచ్చిన కాంతిలో మార్పు చూడటం వీటిలో అన్నిటికన్నా సులువైన పద్ధతి. ఇంకా చవకైన దారి సెల్ఫ్ మిక్సింగ్. తిరిగొచ్చిన కాంతి అదే లేజర్ డయోడ్‌లోకి దూరి, అక్కడి కాంతితో కలిసి, వెలుగు పెరుగుతూ తగ్గుతూ నాడిలా కొట్టుకుంటుంది. ఆ కొట్టుకునే లయని బట్టే వేగం తెలుస్తుంది. వేరే కటకాల గొడవ పెద్దగా లేదు, అగ్గిపెట్టెలో పట్టేంత పరికరం.

కానీ కోణం దగ్గర దెబ్బతింటుంది. కిరణానికీ రేకు కదిలే దిక్కుకీ మధ్య 60 డిగ్రీలు అనుకుని లెక్క కట్టారు. బ్రాకెట్ బోల్టు వదులై అది 61 అయింది. రీడింగ్‌లో 3 శాతం తేడా వచ్చేస్తుంది. ఒక్క డిగ్రీకి! పైగా రేకు పైకీ కిందికీ ఊగితే ఆ ఊగుడు కూడా వేగంలో కలిసిపోతుంది. గట్టిగా పట్టి నడిపించే చోట, సుమారు అంకె చాలనుకునే చోట, కాలేజీ ప్రాజెక్టుకి ఇది బాగుంటుంది. బిల్లు వేసే చోట నేనైతే పెట్టను.

## రెండు కిరణాల డాప్లర్

లేజర్ సర్ఫేస్ వెలాసిమీటర్ అనో, లెంగ్త్ గేజ్ అనో ఫ్యాక్టరీలకి అమ్మేది ఎక్కువగా ఇదే. ఒకే లేజర్‌ని రెండు కిరణాలుగా చీల్చి, సరుకు మీద ఒకే చోట కలిసేలా వేస్తారు. కలిసిన చోట కంటికి ఆనని వెలుగు చారలు, చీకటి చారలు ఏర్పడతాయి.

సాయంత్రం ఎండలో, వరసగా చెట్లున్న రోడ్డు మీద బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ముఖం మీద వెలుగు, నీడ, వెలుగు, నీడ పడుతూ ఉంటుంది కదా. చెట్టుకీ చెట్టుకీ మధ్య దూరం తెలిసి, సెకనుకి ఎన్నిసార్లు వెలుగు పడిందో లెక్కపెడితే బస్సు వేగం వచ్చేస్తుంది. ఇక్కడ బస్సు స్థానంలో సరుకు మీది సూక్ష్మమైన గరుకులున్నాయి, చెట్ల స్థానంలో చారలున్నాయి. 780 నానోమీటర్ల లేజర్, కిరణాల మధ్య 10 డిగ్రీల కోణం అయితే చారకీ చారకీ మధ్య దాదాపు 4.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). సరుకు సెకనుకి ఒక మీటరు కదిలితే సెకనుకి 2 లక్షల 23 వేల మినుకులు. 20 మీటర్లయితే 44 లక్షలు దాటుతాయి.

ఆ దూరం లేజర్ తరంగదైర్ఘ్యం మీద, కిరణాల కోణం మీదే ఆధారపడుతుంది. రెండూ పెట్టెలోపల బిగించి ఉన్నవే. అరిగేది లేదు, జారేది లేదు. సరుకు నలుపైతే వెలుతురు తగ్గుతుంది గానీ లెక్క మారదు. ఊగినా ఫర్వాలేదు: 3 మి.మీ. మందం కిరణాలు 10 డిగ్రీల కోణంలో కలిస్తే, కలిసే చోటు పొడవు 34 మి.మీ. దాకా ఉంటుంది. కేబుల్ ఆ మేరలో ఎగిరిపడినా అవే చారల్లోంచి పోతుంది.

ఇక బ్రోచర్లు పెద్దగా చెప్పని సంగతులు.

లేజర్ డయోడ్ వేడెక్కితే తరంగదైర్ఘ్యం మారుతుంది. డిగ్రీకి పావు నానోమీటరు వేసుకున్నా 780 మీద 10 డిగ్రీల వేడికి 0.3 శాతం. మే నెల షెడ్డులో 10 డిగ్రీలు ఒక లెక్కా? అంటే మన అరిగిన చక్రం తప్పే ఖరీదైన పెట్టెలో మళ్లీ ప్రత్యక్షం. దీనికి రెండు మందులున్నాయి. డయోడ్ ఉష్ణోగ్రతని కదలకుండా పట్టి ఉంచడం ఒకటి. కిరణాన్ని గ్రేటింగ్‌తో (దగ్గరదగ్గరగా సన్నని గీతలున్న పలకతో) చీల్చడం రెండోది. గ్రేటింగ్ అయితే తరంగదైర్ఘ్యం పెరిగినప్పుడు కోణం కూడా అంతే పెరుగుతుంది, చారల దూరం కదలదు. ఒకటి పెంచినదాన్ని రెండోది సరిచేస్తుంది. అమ్మడానికి వచ్చినాయన్ని "మీరు ఈ రెండిటిలో ఏది చేశారు?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే, చెప్పగలిగిన మనిషిని పంపమనండి.

రెండోది, సున్నా వేగం. చారలు కదలకుండా ఉంటే సరుకు ముందుకి పోయినా వెనక్కి పోయినా మినుకులు ఒకేలా ఉంటాయి, ఆగితే మినుకులే ఉండవు. అందుకని బ్రాగ్ సెల్ అనే భాగం పెట్టి, ఒక కిరణం పౌనఃపున్యాన్ని, తరచుగా 40 మెగాహెర్ట్జ్ మేర, జరుపుతారు. అప్పుడు చారలే పరుగెత్తుతుంటాయి. సరుకు ఆగి ఉంటే 40, ఒక దిక్కుకి పోతే 40కి పైన, ఎదురు దిక్కుకి పోతే 40కి కింద. కొలతకి కోసే కటింగ్ లైన్లకి, రేకుని ముందుకీ వెనక్కీ నడిపే రివర్సింగ్ మిల్లులకి ఇది లేకపోతే కుదరదు. కేబుల్‌కి ప్లాస్టిక్ తొడుగు వేస్తూ షిఫ్టంతా ఆగకుండా నడిచే ఎక్స్‌ట్రూడర్‌కి దీని కోసం అదనపు డబ్బు పెట్టక్కర్లేదు.

మూడోది బిగింపు. పరికరాన్ని లైన్ దిక్కుకి సరిగ్గా పెట్టకపోతే రీడింగ్ తగ్గుతుంది, ఎప్పుడూ తగ్గడమే. 1 డిగ్రీ వంకరకి 0.015 శాతం, 2 డిగ్రీలకి 0.06, 3 డిగ్రీలకి 0.14, 5 డిగ్రీలకి 0.38. ఒక్క కిరణం రకంతో పోలిస్తే ఇది నిజంగా దయగల లెక్క. కానీ క్యాటలాగులో 0.05 శాతం అని చూసి కొన్నవాళ్లు 2 డిగ్రీల వంకరతో బిగించారంటే, ఆ గొప్పంతా రెండు బోల్టుల దగ్గరే పోయినట్టు.

## స్పెకిల్, స్పేషియల్ ఫిల్టర్

లేజర్ పాయింటర్‌ని గోడ మీద వేస్తే చుక్కలో ఇసుక రేణువుల్లాంటివి మెరుస్తాయి. అవే స్పెకిల్స్. గోడ కదిలితే అవీ కదులుతాయి. ఆ కదలికని చిన్న కెమెరాతో పట్టుకుంటే వేగం వస్తుంది. మీ చేతికింది మౌస్ చేసేదీ దాదాపు ఇదే పని. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ ఎల్ఈడీ వెలుతురుతో వచ్చింది, 2004లో లాజిటెక్ లేజర్ పెట్టింది. స్పేషియల్ ఫిల్టర్ రకంలో సరుకు బొమ్మని ఒక గ్రేటింగ్ మీద పడేస్తారు. బొమ్మ గీతల మీదుగా పోతుంటే వచ్చే మినుకుల్ని లెక్కపెడతారు. దీనికి లేజరే అక్కర్లేదు. కార్ల బ్రేకు పరీక్షల్లో రోడ్డు మీద వేగం కొలిచే కోరెవిట్ సెన్సర్లు ఈ జాతివే. బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారతాయి కాబట్టి అక్కడ చక్రాన్ని నమ్మే వీలే లేదు.

లాభం ధర, కళ్లకి ప్రమాదం తక్కువ కావడం. నష్టం దూరం. మామూలు కటకమైతే 300 మి.మీ. దూరంలో 3 మి.మీ. తేడా వచ్చినా బొమ్మ సైజు సుమారు 1 శాతం మారుతుంది, రీడింగ్ కూడా అంతే. దూరం మారినా బొమ్మ సైజు మారనివ్వని టెలీసెంట్రిక్ కటకం ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కొనేటప్పుడు ఆ మాట కాగితం మీద రాయించుకోండి. గాజు బల్ల మీద మౌస్ ఎలా మొరాయిస్తుందో, నునుపు ఫిల్మ్ మీద ఈ సెన్సర్లు అలాగే మొరాయిస్తాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | కొలత చక్రం | ఒక్క కిరణం డాప్లర్ | రెండు కిరణాల డాప్లర్ | స్పెకిల్ / స్పేషియల్ ఫిల్టర్ |
|---|---|---|---|---|
| ముఖ్య శత్రువు | అరుగుదల, జారుడు, మురికి | కోణం, ఊగుడు | డయోడ్ వేడి, మురికి అద్దం | దూరం మార్పు, నునుపు |
| కోణం 1 డిగ్రీ తప్పితే | దాదాపు తేడా లేదు | 3 శాతం (60 డిగ్రీల దగ్గర) | 0.015 శాతం | 0.015 శాతం |
| ఆగడం, వెనక్కి తిరగడం | తెలుస్తుంది | మామూలు రకానికి కష్టం | బ్రాగ్ సెల్ ఉంటేనే | కెమెరా రకానికి తెలుస్తుంది |
| కాలే సరుకు | పనికిరాదు | అరుదు | ఫిల్టర్, నీటి చల్లదనంతో సరే | కష్టం |
| ధర | వేలల్లో | తక్కువ | లక్షల్లో | మధ్యలో |

## ఎవరికి ఏది

కేబుల్, వైరు చేసేవాళ్లకి: బిల్లు పడే చోట రెండు కిరణాల రకం. మధ్యలో ఉన్న లైన్లకి చక్రం చాలు, నెలకోసారి వెర్నియర్ పెడితే. కేబుల్ సన్నదైతే కిరణం పక్కకి తప్పిపోకుండా గైడ్ రోలర్లు దగ్గరగా ఉండాలి. చల్లబరిచే నీటి తొట్టి (ట్రఫ్) లోంచి తడిగా వచ్చే చోట పెట్టకండి. గాలితో ఆరబెట్టిన తర్వాత పెట్టండి. లేకపోతే కేబుల్ మీద జారే నీటి పొర వేగాన్ని కొలిచినా కొలవొచ్చు.

ఉక్కు వాళ్లకి: పైన చెప్పిన సాగుడు లెక్క అవసరమైతే వేరే దారి లేదు, రెండు కిరణాలవి రెండు, ఒకే కంపెనీవి, ఒకే రోజు కాలిబ్రేట్ చేసినవి. రెండిటిలో ఒకే వైపు ఉండే తప్పు భాగహారంలో కొట్టుకుపోతుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో లాగా ఎర్రగా కాలే వైర్ రాడ్ తీసే మిల్లుల్లో సరుకే వెలుగుతూ ఉంటుంది. లేజర్ రంగుని మాత్రమే వదిలే సన్నని ఫిల్టర్, నీటితో చల్లబరిచే కవచం, అద్దం ముందు గాలి ఊదే గొట్టం, మూడూ కొటేషన్‌లో ఉండాలి. గాలి గొట్టం అదనపు ఖర్చని తీసేయించినవాళ్లు తర్వాత అద్దాలే కొనుక్కుంటారు.

పేపరు, ఫిల్మ్ వాళ్లకి: సారపాక, కాగజ్‌నగర్ మిల్లుల్లో తీసేలాంటి పేపరుకి గరుకు తక్కువేం కాదు, స్పెకిల్ రకం కూడా బాగా చదువుతుంది. పోరాడాల్సింది దుమ్ముతో. ఫిల్మ్ కథ వేరు. పారదర్శకంగా ఉంటే కిరణం దాటిపోయి కింది రోలర్‌ని చదువుతుంది. రోలర్ లేని చోట, ఫిల్మ్ బిగుతుగా ఉన్న చోట చదివించాలి. ఇంకో మెలిక ఉంది: లైన్‌లో లాగుడు మీదున్న ఫిల్మ్ 0.2 శాతం సాగి ఉంటే లేజర్ ఆ సాగిన పొడవుని నిజాయితీగా చెబుతుంది. కస్టమర్ విప్పి వదిలేస్తే అది ముడుచుకుంటుంది. ఫిర్యాదు మాత్రం లేజర్ మీదే వస్తుంది.

బట్టల మిల్లు, చిన్న ప్యాకింగ్ యూనిట్: వేగం తక్కువ, సరుకు పొడి, బిల్లు బరువు లెక్కన. లేజర్ గురించి చదివినందుకు సంతోషం, కొత్త రబ్బరు చక్రం కొనుక్కోండి.

## కొనే రోజు

డెమో వాళ్ల టేబుల్ మీద తిప్పే చక్రం మీద కాదు, మీ లైన్ మీద, మీ సరుకు మీద అడగండి. పరీక్ష ఇలా: లైన్ నడుస్తుండగా మీటర్ లెక్క ప్రకారం 10 మీటర్ల ముక్క కోయించి, చదునైన నేల మీద పరిచి స్టీల్ టేపుతో కొలవండి. ఇలా పది ముక్కలు. టేపు ఖచ్చితత్వపు తరగతి (క్లాస్) కూడా చూడాలి. క్లాస్ 2 టేపుకి 10 మీటర్ల మీద 2.3 మి.మీ. తప్పు అనుమతి ఉంది, అంటే 0.023 శాతం. 0.05 శాతం అని చెప్పేవాణ్ని పరీక్షించడానికి దాంతో వెళ్తే సగం వాదన టేపు మీదే నడుస్తుంది. క్లాస్ 1 టేపుకి ఆ తప్పు 1.1 మి.మీ. అది తీసుకెళ్లండి.

లేజర్ అంకెతోనే పొడవు లెక్కన అమ్మబోతుంటే, 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం వ్యాపారంలో వాడే కొలత సాధనాలకి ముద్ర ఉండాలి. ఆర్డరు ఇచ్చే ముందే తూనికలు కొలతల శాఖలో అడగండి, తర్వాత కాదు.

కళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ మీటర్లలో చాలా వాటిలో క్లాస్ 3బి లేజర్ (సూటిగా పడితే కంటికి హాని చేసే తరగతి) ఉంటుంది, తరచుగా కంటికి దాదాపు కనబడని ఎరుపులోనో, ఇన్‌ఫ్రారెడ్‌లోనో. కనబడదు కాబట్టి రెప్ప దానంతటది వాలదు. మెరిసే రేకు మీద పడ్డ కిరణం ఎటు తిరుగుతుందో ఊహించి, మనిషి కంటి ఎత్తుకి కిందుగా పెట్టి, చుట్టూ రేకు డబ్బా కట్టించి, తలుపు తీస్తే ఆగిపోయే స్విచ్ పెట్టించండి.

ఆ కేబుల్ ఫ్యాక్టరీ చివరికి ఒకే ఒక్క లేజర్ కొన్నది. డ్రమ్ముకి చుట్టి బిల్లు రాసే రివైండింగ్ లైన్ మీద పెట్టారు. మిగతా అయిదు లైన్లకీ చక్రాలే ఉన్నాయి. ప్రతి సోమవారం ఉదయం షిఫ్టు ఫిట్టర్ వాటిని విప్పి, గోరుతో పీవీసీ పొడి గీకి, వెర్నియర్ పెట్టి, గోడకి వేలాడే పుస్తకంలో వ్యాసం రాస్తున్నాడు. లేజర్ అద్దం తుడిచినట్టు సంతకం పెట్టేది కూడా ఆ పుస్తకంలోనే.